మేడం వేయించిన ఆఫీసరు వేషం

మా మనవరాలు స్కెచ్ పెన్ను మూత తీయగానే వచ్చే ఆ ఘాటు వాసన నన్ను నందిగామలోని శిక్షణ హాలుకు తీసుకుపోతుంది. నేను మిరపకాయల కోతకు కూలికెళ్లే మనిషిని. రిజర్వేషన్ వచ్చి మా ఊరికి సర్పంచినయ్యాను. అప్పటికి అక్షరాలు కొత్తగా పట్టుబడుతున్నాయి, సంతకం పెట్టాలంటేనే చెమట పట్టేది. మీటింగుల్లో నా బదులు మా ఆయన కూర్చునేవాడు. ఊళ్లో "సర్పంచి గారు" అంటే ఆయనే. శిక్షణ అయిన మరుసటి వారం జరగబోయే గ్రామసభ కూడా ఆయనే నడుపుతాడని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

ఆ శిక్షణకు సర్పంచులను, కార్యదర్శులను, ఇంజినీర్లను కలిపి పిలిచారు. నేర్పడానికి వచ్చినావిడ రాజ్యలక్ష్మి మేడం. నెరిసిన జుట్టు, నూలు చీర, కాళ్లకు బూట్లు. నా పక్కన కూర్చోబోయిన మా ఆయన్ని, "మీరెవరండీ?" అని అడిగారు.

"సర్పంచి భర్తనండి."

"భర్తలకు శిక్షణ పెట్టిన రోజు మిమ్మల్నే ముందు పిలుస్తానండీ. ఇవాళ్టికి బయట టీ బాగుంది, తాగి రండి."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వుతూనే వెళ్లాడు. మనసు నొప్పించకుండా మనిషిని బయటికి పంపడం నేనెక్కడా చూడలేదు.

పాఠం చెప్తారనుకుంటే, మేడం మాకు వేషాలు పంచారు. అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసి మెడల్లో వేశారు. ఒక ఇంజినీరు గారు పింఛను ఆగిపోయిన ముసలమ్మ. నేను ఆఫీసరు.

"నాకు చేతకాదండి," అన్నాను.

"ఇన్నేళ్లు ఆఫీసర్లను చూశారుగా, వస్తుంది."

నిజంగానే వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాను. ఇంజినీరు గారు తలమీద తువ్వాలు కప్పుకుని, నడుం వంచి, "అమ్మా, నా పింఛను..." అన్నారు. నేను తల ఎత్తలేదు. ఎదురుగా ఉన్న కాగితాలు తిరగేస్తూ, "ఆధార్ జిరాక్స్ ఏదీ? అది లేకుండా ఎందుకొచ్చావ్? సోమవారం రా పో," అన్నాను.

"అచ్చం మా ఆఫీసే!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. నవ్వులు ఆగలేదు. మేడం ఒక్కరే నవ్వలేదు. నా ముందు నేలమీద కూర్చుని, "ముసలమ్మ చేతిలో ఏముందమ్మా?" అని మెల్లగా అడిగారు.

"చూడలేదండి."

అప్పుడు చూశాను, ఇంజినీరు గారి చెయ్యి నా ముందుకు చాపి ఉంది. చేతిలో జిరాక్స్ కాగితం. వచ్చినప్పటినుంచి అలా చాపే ఉంచారట.

నేను ఎన్నో ఆఫీసు కిటికీల ముందు నిలబడ్డదాన్ని. నాతో ఎవరూ తల ఎత్తి మాట్లాడలేదని కుమిలినదాన్ని. కుర్చీ ఎక్కగానే నేనూ అలాగే చేస్తానని మేడంకు ముందే తెలుసు! ఒక్క మాట చెప్పకుండా నాకు నన్నే చూపించారు.

"మళ్లీ చేద్దాం," అన్నారామె. "ఈసారి ముందు మొహం చూడండి."

మళ్లీ చేశాను. అందులో చదువుతో పనేమీ పడలేదు. తిరుగు బస్సు చిల్లకల్లు చేరకముందే మా ఆయనతో అన్నాను, "ఏమయ్యా, సభలో నేనే కూర్చుంటా."

"ఏం మాట్లాడతావే?"

"ముందు వింటా."

గ్రామసభ రోజు ఆయన జనంలో కూర్చున్నాడు. నా మాటలు తడబడ్డాయి. అయినా లేచిన ప్రతి మనిషి మొహంలోకి చూశాను. చివర్లో ఆయనే చెయ్యెత్తి, "సర్పంచి గారూ, మా వీధిలో లైటు వెలగట్లేదండీ," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పదవి ఎప్పుడో అయిపోయింది. ఇప్పటికీ ఎవరైనా పనిమీద మా గుమ్మంలోకి వస్తే, వాళ్లు నోరు విప్పేలోపే నా చూపు వాళ్ల చేతుల మీదికి పోతుంది.