ఆషాఢంలో సున్నం

చిత్తూరులో మా వీధిలో ఇంటికి సున్నం కొట్టాలంటే ఉగాది రావాలి, లేదా పెళ్ళి కుదరాలి. ఈ రెండూ కాకుండా మూడో సందర్భం ఒకటుంది. ఇంట్లో ఎవరైనా పోయి, దినాలు ముగిశాక కొడతారు. అందుకే పెళ్ళీ పండగా లేని ఆషాఢమాసంలో మా అత్త గంపెడు గుల్ల సున్నం తెప్పించి, పెరటి తొట్టిలో పోయించి, నీళ్ళు కొట్టించేసరికి ఆ బుసబుస చప్పుడికి పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టింది.

"ఎవురమ్మా పోయింది?"

"నీ మొగుడు. ఇంగా నీకు తెలీదా?" అంది మా అత్త.

మా అత్త నోరు అటువంటిది. ఆ నోటికి మొదట్లో ఏడ్చేదాన్ని. కాపురానికి వచ్చిన మూడో ఏటికి నవ్వడం నేర్చుకున్నాను.

సంగతేమిటంటే, ఇల్లు అమ్మాలి. మా మామ బెల్లం మండీలో గుమాస్తా. తిరుపతిలో రైలు స్టేషన్ దగ్గర యాత్రికులకు అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు ఒకటి చేతులు మారుతోందని విని, తాను తీసుకుంటానని మాట ఇచ్చి వచ్చాడు. దసరా నాళ్ళలో పడే పెరటాసి నెల వచ్చిందంటే అరవదేశం జనం కొండకు విరగబడి వస్తారు. ఆలోగా అక్కడ పొయ్యి వెలగాలి. ఆషాఢంలో ఎవరూ ఇల్లు కొనరు గానీ, చూసిపోవడానికి దోషం లేదు. చూసినవాళ్ళు శ్రావణం పుట్టగానే రిజిస్ట్రీకి వచ్చేలా ఇంటిని తయారు చెయ్యాలని అత్త పట్టుదల. తొందరలో ఉన్నామని తెలిస్తే బేరం పడిపోతుందని, ఎవరి దగ్గరా నోరు విప్పొద్దని మా అందరికీ చెప్పింది.

మా ఇంట్లో మా అక్కకు మాత్రం అసలు సంగతే చెప్పలేదు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, నా తోడికోడలు, మా బావ భార్య. బావ యుద్ధం రోజుల్లో పట్టాళంలో వంటవాడుగా చేరి బర్మా వైపు పోయాడు. కొన్నాళ్ళు కార్డులు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. యుద్ధం ముగిసి మా వీధివాళ్ళు ఒకరిద్దరు తిరిగొచ్చారు. ఈయన జాడ లేదు. పోయాడని చెప్పే కాగితమూ రాలేదు. అక్క మాత్రం పొద్దున లేస్తూనే ఇంత బొట్టు పెట్టుకుని వీధి తలుపు తానే తీసేది. ఇంకొకరు తీస్తే ఊరుకునేది కాదు.

"ఆయనకు తెలిసిన ఇల్లు ఇదొక్కటే పాపా" అనేది నాతో. "యాడ దిగినా ఈడికే గదా వచ్చేది!"

ఇల్లు అమ్ముతున్నామంటే ఈమె గుమ్మం పట్టుకుని కూర్చుంటుందని అత్తకు తెలుసు.

"అత్తా, ఆషాఢంలో సున్నం ఎందుకు?" అని అడిగింది అక్క.

అత్త కుంచె తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఎందుకేంది మే? నీ మొగుడొస్తాండాడు. గోడలు ఇంత నల్లగా ఉంటే మళ్ళా పట్టాళానికే పారిపోతాడు."

మేమంతా నవ్వాం. నిచ్చెన మీదున్న మా ఆయన పడబోయి దూలం పట్టుకున్నాడు. అక్క నవ్వలేదు. అత్త ముఖంలోకి కాసేపు చూసి, కొంగు బిగించి, తొట్టిలో కుంచె ముంచింది.

అలాంటి పని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వంటింటి మసి కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది వదిలించింది. ఎలుక బొక్కలు వెతికి మట్టి కూరింది. తెల్లదనం కోసం సున్నంలో నీలిమందు తానే కలిపింది. గోడకు మూడు పూతలు చాలంటే నాలుగోది వేసింది. సున్నానికి వేళ్ళ సందులు పుండ్లైతే ఆముదం పూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి బావ మంచం పెరట్లో వేసి, కొత్త నులక అల్లింది.

"ఇట్లాంటి దాంట్లో అత్త ఎగతాళి చేయదు గదా పాపా?" అని అడిగింది అల్లుతూ.

నేను లోపలికి వెళ్ళి అత్తకు చెప్పాను, ఆమె నిజమే అనుకుంటోందని.

"అనుకోనీ" అంది అత్త. "కూలోళ్ళను పెట్టింటే ఈ పాటికి సగం గోడ గూడా అయ్యిండదు."

ఇల్లు చూడ్డానికి చింతపండు వ్యాపారం చేసే ఒకాయన భార్యతో వచ్చాడు. ఆయన దూలాలు చూశాడు. ఆవిడ గోడలు తట్టి చెవి ఆనించింది, బావి నీళ్ళు పుక్కిలించి ఊసింది, వంటింట్లో నిలబడి చుట్టూ తిరిగి చూసింది. నచ్చిందని ముఖమే చెబుతోంది.

"బాగుండాదమ్మా. సున్నం వాసన ఇంగా పోలేదే, ఎవురికన్నా పెండ్లా?"

అత్త నోరు తెరిచేలోగా, మజ్జిగ చెంబుతో వస్తున్న అక్క జవాబు చెప్పేసింది. "మా ఇంటాయన వస్తాండాడమ్మా, పట్టాళం నుంచి."

వ్యాపారి చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "ఒక్క కొడుకే అంటిరే? పెద్దాయన ఉంటే ఆయప్ప సంతకం గూడా కావల్లప్పా. రేపొచ్చి నా భాగం యాడ అని వాకిట్లో కూర్చుంటే నేనెవురికి చెప్పుకునేది?"

"సంతకమేంది అత్తా?" అంది అక్క. "దేనికి సంతకం?"

అత్త ఆమె వైపు చూడనైనా చూడలేదు. "వాడు లేడప్పా. బర్మాలోనే పోయినాడు. ఇది పిచ్చిది, దీని మాట పట్టుకోవద్దు."

వ్యాపారి భార్య అక్క నుదుటి మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "పోయినాడంటావు, ఈమెకు ఇంత బొట్టుండాదే?"

వ్యాపారి లేచి కండువా దులుపుకున్నాడు. "సంతకమన్నా తెప్పించండి, లేకుంటే దినాలన్నా చేసేయండి. నాకేదైనా ఒకటే" అన్నాడు. చూరులో పగిలిన పెంకు మార్పించమన్నంత మామూలుగా అన్నాడు.

వాళ్ళు గడప దాటగానే అక్క అత్త కాళ్ళ మీద పడింది. "ఇల్లు అమ్ముకోండి, నేనొద్దనను. ఆయన్ను మాత్రం చంపొద్దత్తా. పన్నెండేళ్ళు చూడాలంటారు గదా!"

"పన్నెండేళ్ళు చూసేదానికి పెరటాసి ఆగతాదా మే?"

"వాడొస్తే?" అన్నాడు మామ మెల్లగా.

"వస్తే అన్నం పెడతా. వచ్చేవాడైతే ఎప్పుడో వచ్చింటాడు. నా కడుపున పుట్టినోడు వాడు, మీ అందరికంటే నాకు తెలుసు" అంది అత్త.

మా పురోహితుడు ఒప్పుకోలేదు. కనపడకుండా పోయినవాడికి పన్నెండేళ్ళు గడిస్తే గానీ దర్భబొమ్మ చేసి కర్మ చెయ్యకూడదన్నాడు. అత్త ఆయనతో వాదించకుండా పక్క ఊరి నుంచి ఇంకొకాయన్ను పిలిపించింది. ఆయన ముందు భోజనానికి ఎంతమంది వస్తారని అడిగాడు. ఆ తర్వాత, అబ్బాయి పోయిన తిథి ఏదన్నాడు.

"మీకెప్పుడు వీలవుతాదో అప్పుడే సామీ" అంది అత్త.

దర్భలతో మోచేతి పొడవు బొమ్మ కట్టి, పీట మీద పడుకోబెట్టారు. నా భర్త తడిబట్టతో కూర్చుని అన్నకు చెయ్యాల్సినవన్నీ చేశాడు. అక్కను తెచ్చి ఆ బొమ్మ ఎదుట కూర్చోబెట్టారు. ఆమె దాన్నే చూస్తూ నా చెవిలో, "ఆయన పొడుగు గదా పాపా" అంది.

అత్త ఏడ్చింది. అది నాటకం కాదు. గోడకు తల కొట్టుకుని, కొడుకు చిన్నప్పటి ముద్దుపేర్లన్నీ తలుచుకుని ఏడ్చింది. అంత ఏడుపులోనూ, కర్మకు రాజేసిన కుంపటి పొగ కొత్త సున్నం మీదికి పోతుంటే, "ఆ కుంపటి ఇవతలికి లాగండే" అని కేకేసింది.

అక్క కంట్లో మాత్రం చుక్క రాలేదు. బొట్టు తుడవడానికి వచ్చిన ముసలమ్మలు ఆమెను గిల్లారు. "ఏడువే, పాపిష్టిదానా! ఏడవకుంటే పోయినోడికి దావ యాడ దొరుకుతాది?"

"ఏడిస్తే పోయినట్లే గదా" అంది అక్క.

దాంతో వాళ్ళకు కోపం వచ్చి, గాజులు మెల్లగా తియ్యకుండా రోకలితో కొట్టారు. మణికట్టు తెగింది. భోజనాలయ్యాక అత్త ముక్కు చీదుకుని నట్టింట నిలబడి గోడలన్నీ కలయజూసింది. "సున్నం ముందే కొట్టి పెట్టుకుంటిమి, అదొకటి మేలైంది. మళ్ళా కొట్టే పని తప్పింది" అంది.

ఇక అంతా అయిపోయిందనుకున్నాం. దస్తావేజు రాసే ఆయన ఇంకో మెలిక చెప్పాడు. కొత్తగా ఏదో చట్టం వచ్చిందట. పోయినవాడి భాగానికి పెళ్ళాం వేలిముద్ర కూడా పడాలట. ఆమె రిజిస్టరాఫీసుకు స్వయంగా రావాలట. నాకా చట్టాలు తెలియవు, ఆయన చెప్పింది చెబుతున్నాను. విధవను చేశారు కాబట్టే ఆమె వేలికి ఆ విలువ వచ్చింది.

ఆఫీసులో కొన్నవాళ్ళిద్దరూ, మేమందరమూ వరసగా నిలబడ్డాం. రిజిస్ట్రారు మంచివాడే, మెత్తగానే అడిగాడు. "ఏమమ్మా, నీ భర్త ఉండాడా, పోయినాడా? నీ నోటితో నువ్వే చెప్పాల."

అక్క నేల చూస్తూ నిలబడింది. అత్త వెనకనుంచి ఆమె భుజం మీద చెయ్యి వేసి, నాకు వినపడేంత మెల్లగా అంది. "చెప్పు మే. చెప్పకుంటే ఇట్నించి ఇట్లే పో. పోయేదానికి నీకు పుట్టింట్లో ఎవురుండారో చూసుకో." పుట్టింట్లో ఎవరూ లేరు. కలరా వచ్చిన ఏడు అందరూ పోయారు.

"పోయినాడంట" అంది అక్క.

రాస్తున్న గుమాస్తా నవ్వాడు. రిజిస్ట్రారు నవ్వలేదు. "అంట అంటే నేను రాసుకోలేనమ్మా. ఎవురో చెప్పింది గాదు, నువ్వు చెప్పు. పోయినాడా?"

అక్క మా ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. నా ముఖమూ చూసింది.

"పోయినాడు."

గుమాస్తా ఆమె బొటనవేలు పట్టుకుని సిరా పూసి అద్దాడు. సున్నానికి తోలు ఊడిన వేలు కాబట్టి మొదటిసారి గీతలు సరిగా పడలేదు. మళ్ళీ పూసి, గట్టిగా నొక్కి అద్దాడు.

శ్రావణంలో మంచిరోజు చూసి సామాను బండికెత్తాం. కొన్నావిడ గుమ్మడికాయ చేత పట్టుకుని, మేమెప్పుడు కదులుతామా అని వాకిట్లో కాచుకుని ఉంది. అక్క బండి దిగి ఆమె వైపు నడిచింది. విధవ ఎదురొస్తోందని ఆవిడ గబగబా వెనక్కి జరిగింది. అక్క అక్కడే ఆగిపోయి, "ఎవురన్నా వచ్చి మమ్మల్ని అడిగితే, తిరపతిలో టేసను కాడ ఉండామని చెప్పు తల్లీ" అంది.

"ఎవురొస్తారు?"

అక్క చూపు వీధి తలుపు మీదికి పోయింది.

"నీ మొగుడా? పోయినాడని ఆఫీసులో అందరి ముందరా నువ్వే గదా చెప్పినావు! నేను ఆడ లేననుకున్నావా? పో పో, మంచి గడియ దాటిపోతాంది."

అక్క తిరిగొచ్చి బండి వెనక కాళ్ళు వేలాడేసుకుని, ఇంటి వైపు చూస్తూ కూర్చుంది. బండి కదిలింది. వీధి మలుపు ఇంకా రాలేదు.

"ఎనక్కి చూస్తా కూర్చుంటే కడుపులో తిప్పుతాది" అంది అత్త లోపలినుంచి. "ఇట్లా తిరుగు మే."

అక్క కాళ్ళు పైకి తీసుకుని ఇటు తిరిగి కూర్చుంది.