లాంపు నంబరు వేసిన సలాడ్ డబ్బాలు

బొగ్గుబాయిలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో సలాడ్ అంటే నాకు తెలిసింది ఒక్కటే. పెళ్ళి భోజనాల్లో ప్లేటు అంచున ఓ ఉల్లిగడ్డ చక్రం, దాని మీద ఆనుకుని ఓ నిమ్మచెక్క. అది చూడటానికి పెట్టేదే కాని తినడానికి కాదని నా గట్టి నమ్మకం. పచ్చికూరలు కలిపిన ఓ స్టీలు డబ్బా ముందు బాయిలో నలుగురు మగవాళ్ళు తలలు వంచుకుని కూర్చునే రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, వాడికి ఎండదెబ్బ తగిలిందనుకునేవాణ్ణి. అలా అనుకోవడానికి కారణం కూడా ఉంది. మే నెలలో మా గోదావరిఖనిలో కాకులు ఎగరవు, ఒక నీడలోంచి ఇంకో నీడలోకి నడిచి వెళ్తాయి (అదీ కాళ్ళు కాలకుండా ఎత్తెత్తి వేసుకుంటూ).

అప్పుడు నేను అక్కావాళ్ళ క్వార్టర్లో ఉండేవాణ్ణి. మా బావ బాయిలో కప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టే మనిషి, అంటే టింబర్‌మన్. కర్రతో కప్పు మీద రెండు దెబ్బలు కొట్టి, ఆ చప్పుడు విని, "ఇక్కడ కూసోరి, అక్కడ కూసోకురి" అనేవాడు. ఆయన వద్దన్న చోట ఇంజనీర్లు కూడా కూర్చునేవారు కాదు. అలాంటి బావను ఆ ఎండాకాలం దవాఖానలో డాక్టరు పరీక్ష చేసి, నెల రోజుల్లో షుగరు దిగకపోతే కింది డ్యూటీ బంద్ చేసి పైన పని రాస్తానన్నాడు. ఇంటికొచ్చిన బావ ముఖం చూసి నేను ఇంకేదో పెద్ద రోగం అనుకున్నాను.

"పైన నేనేం జెయ్యాలె? గేటు కాడ కుర్చేస్కొని కూసోని ఈగలు దోలాల్నా? ఇరవై ఏండ్ల సంది కప్పు నాతోని మాట్లాడుతున్నది. గేటు ఏం మాట్లాడుతది?" అన్నాడు.

అక్క బియ్యం డబ్బా మూత గట్టిగా బిగించింది. "నెల దినాలు నా చేతిది తిను. గప్పుడు జూద్దాం ఎవలు ఎక్కడ కూసుంటరో" అంది. మధ్యాహ్నం సద్దిలో అన్నం ఆ రోజుతో బంద్.

మర్నాటి నుంచి మా వంటింట్లో జరిగింది వంట కాదు, ఓ యంత్రాంగం. మొదటి షిఫ్టుకు పొద్దున్నే పోవాలి కాబట్టి డబ్బాలు ముందురోజు సాయంత్రమే తయారు కావాలి. అయితే ఆ ఎండలో సాయంత్రం కోసిన కీరదోసకాయ పొద్దుటికి నీరై, మధ్యాహ్నానికి చారవుతుంది. అక్క దీని మీద రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు నుంచి నిమ్మరసం, పచ్చిమిర్చి, ఉప్పు డబ్బా అడుగున. దాని మీద మొలకెత్తిన పెసర్లు ఉడకబెట్టిన గుడాలు, అవి ఎంత పులుపునైనా తాగి గట్టిగా నిలబడతాయి. ఆ పైన పచ్చిమామిడి కోరు. అన్నిటికన్నా పైన, బట్ట మీద ఆరబెట్టి తుడిచిన కీరముక్కలు, కొత్తిమీర. తడి తగలని చోట రాజుల్లా కూర్చునేవి అవి. తినే ముందు డబ్బాను ఓసారి బోర్లిస్తే అడుగున ఉన్న పులుపు అన్నిటి మీదకీ దిగుతుంది. డబ్బాలకు తడిగుడ్డ చుట్టి కూలరు ముందు వరుసగా పేర్చేది. కూలరు గాలి ముందు సలాడ్‌కు, అది వదిలేసిన గాలి మాకు. ఆ నెలంతా మా ఇంట్లో సుఖపడింది కీరదోసకాయలే.

మొదటి రోజు బావ డబ్బా మూత తీయగానే, మాతో పనిచేసే కాక నవ్వి నవ్వి దగ్గాడు. ఈయన నస్పూర్ నుంచి వచ్చేవాడు. "ఏందిర, మేత తెచ్చుకున్నవా? రేపటిసంది నీకు పలుపు తాడు గూడ తేవాలె" అన్నాడు. బావ మూత మళ్ళీ బిగించి, డబ్బా బోర్లించి తీసి, ఓ కీరముక్క కొరికాడు. ఆ కరకర చప్పుడు బాయి గోడలకు తగిలి అరమైలు దూరం వెళ్ళి తిరిగొచ్చింది (నేను లెక్కపెట్టాను, మూడుసార్లు తిరిగొచ్చింది). అప్పటికే మా అన్నాలు పులిసిన వాసన కొడుతున్నాయి. నాలుగో రోజు సాయంత్రం కాక మా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, నాకు బీపీ. ఉప్పు తినద్దన్నరు. ఉప్పు లేనిది నోట్లె పెడితే ఏడుపొస్తది. జెర ఆ మేతేదో నాకు గూడ..."

అక్క నవ్వలేదు. ఉప్పు బదులు చింతచిగురు వేయించి నలిపి వేసింది. కాక అది తిని, ఉప్పు లేదంటే నమ్మక ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ వెనకే ఫిట్టర్ అన్న వచ్చాడు. బక్కపలచటి క్రైస్తవుడు. మేమందరం ప్రార్థన అన్న అనేవాళ్ళం, ఎందుకంటే భోజనానికి ముందు ఆయన చేసే ప్రార్థన భూమ్యాకాశాల సృష్టితో మొదలై, అన్నం దగ్గరికి వచ్చేసరికి మా అన్నాలు చల్లారేవి. ఆయనకు పల్లీలు పడవు. ఓ విందులో తెలియక పల్లి చట్నీ తిని, ముఖం పూరీలా పొంగి, ఊపిరాడక రెండు రోజులు దవాఖానలో ఉన్నాడు. బాయిలో అలాంటిది జరిగితే పైకి చేరడానికే గంట నడక. అందుకని అన్న డబ్బాలో పల్లీల బదులు గుమ్మడి గింజలు, బొబ్బర్ల గుడాలు, షుగరు లేని మనిషి కాబట్టి నాలుగు మామిడిపండు ముక్కలు. బావ డబ్బాలో మాత్రం మామిడిపండు లేదు. ఉన్నవి వేయించిన పల్లీలు.

ఇవన్నీ కలవకుండా అక్క డబ్బాలకు బట్ట చుట్టి ముడులు వేసేది. బావకు ఒకటి, కాకకు రెండు, అన్నకు మూడు. ఏ రోగమూ లేని నాకు ఉత్త బట్ట. నాకా కొత్త ఉద్యోగం, పైగా డిగ్రీ. ఈ ముడులేమిటి మొరటుగా అనిపించి, తెల్లరంగు డబ్బా తెచ్చి మూతల మీద అందరి టోపీ లాంపుల నంబర్లూ వేశాను.

"ముడులు జాల్తలేవా తమ్మీ?" అంది అక్క.

"నీకు బాయి సంగతి ఎర్కలేదక్కా. కింద అంత నంబర్ల మీదనే నడుస్తది."

అక్క నా వంక ఓ చూపు చూసింది. ముడులు వేయడం మాత్రం మానలేదు. నేను బాయిలోకి దిగగానే ఆ ముడులు విప్పి, బట్టలు సంచిలో కుక్కి, ఎలుకలకు అందకుండా డబ్బాలు మేకులకు తగిలించేవాణ్ణి. బొగ్గు పూసుకున్నాక ముఖాలన్నీ ఒకటే కదా. నడుముకు కట్టుకున్న బ్యాటరీ మీద నంబరు చూసి డబ్బా చేతికిచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు ముఖాలు చూడటమే మానేశాను.

నెల రేపటితో ముగుస్తుందనగా, తెల్లారితే బావకు రక్తపరీక్ష అనగా, ఆ పొద్దున లాంపు రూములో అన్నకు వెలుగు తక్కువ లాంపు దొరికింది. "పంపు మోటరు ఇప్పాల్నంటివి కద, నాది తీస్కో. కప్పు జూడ నాకు చెవులుంటే సాలు" అని బావ తన లాంపు ఇచ్చి అన్నది తాను కట్టుకున్నాడు. నేను అప్పుడు పక్కనే ఉన్నాను. చూశాను కూడా. మధ్యాహ్నం భోజనాల వేళ ఎప్పటిలాగే నడుములు చూసి డబ్బాలు పంచాను.

అందరం మూతలు తీసి డబ్బాలు కలిపి పెట్టుకున్నాం. అన్న ప్రార్థన మొదలుపెట్టాడు. బాయిలో టోపీ తీయకూడదు కాబట్టి తలలు వంచుతాం. వంచగానే నాలుగు లాంపుల వెలుగూ నాలుగు డబ్బాల మీద పడింది. భూమి పుట్టినప్పటి నుంచీ వెలుగు ఎరగని ఆ నల్లటి చోట అంత పచ్చదనం! కొత్తిమీర ఆకు మీద నీటిచుక్క కూడా మెరుస్తోంది. గుళ్ళో హారతి చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. ఆ చూపులోనే అన్న డబ్బాలో ఇంకేదో మెరిసింది. వేయించిన పల్లీ.

నా గుండె జారి బూటులో పడింది. బావ డబ్బా వైపు చూశాను. మామిడిపండు. బావ వైపు చూశాను. తల వంచే ఉంది, ఒక కన్ను మాత్రం తెరిచి ఉంది, దవడ మెల్లగా కదులుతోంది.

అరిస్తే నా నంబర్ల పరువు పోతుంది. అరవకపోతే అన్న ప్రాణం పోతుంది. నేను (ఇప్పటికీ సిగ్గే) మధ్యదారి ఎంచుకున్నాను. ఆమెన్ అనేలోపు డబ్బాలు మార్చేద్దామని బావ డబ్బా పట్టుకుని లాగాను. బావ వదల్లేదు. నేను లాగుతున్నాను, ఆయన లాగుతున్నాడు, నాలుగు లాంపులు మా చేతుల మీదే. "...ఈ ఆహారం పంపిన మా చెల్లె చేతులను దీవించు ప్రభువా" అంటూ అన్న గొంతు ఒక్క క్షణం ఆగింది. కళ్ళు తెరవకుండానే మళ్ళీ సాగింది. "నా డబ్బాల పల్లీల వాసనొస్తున్నది ప్రభువా. నంబర్లేసిన తమ్మునికి తెలివినియ్యి. మామిడిపండు మింగిన మా టింబర్‌మన్‌ను క్షమించు. ఆమెన్."

కాక నవ్వుకు కప్పు కూలుతుందనుకున్నాను. నేనూ బావా మాత్రం నవ్వలేదు.

ఇంటికి రాగానే బావను చూసి అక్క అడిగిన మొదటి మాట, "మీసంల మామిడి పీచేంది?" బావ నన్ను చూపించాడు. నేను అంతా చెప్పి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. పొద్దుగూకి మర్నాటి డబ్బాలు కట్టాక లైటు ఆర్పేసి, చీకటైన వంటింట్లో నా చేతిలో ఓ డబ్బా పెట్టింది.

"ఎవలిది?"

వేళ్ళకు మూడు ముళ్ళు తగిలాయి. "అన్నది."

"లాంపు మారుతది, ఆరిపోతది. వేళ్ళు యాడికి పోతయ్ తమ్మీ?" అంది.

ఆమె జన్మలో బాయిలోకి దిగలేదు. కొన్ని నెలలుగా రోజూ దిగుతున్న నాకు తట్టని చీకటి ఆమెకు తెలిసింది. ఆ చీకట్లో నేను నోరు తెరుచుకుని నిలబడటం ఆమెకు కనిపించి ఉండదు, అదొక్కటే అదృష్టం.

మర్నాడు డాక్టరు కాగితం చూసి, ఇంకోసారి చూసి, "ఏం మందులు వాడావయ్యా?" అన్నాడు. "గుడాలు సార్" అన్నాడు బావ, మిలిటరీ వాడిలా నిటారుగా నిలబడి. ఆ మధ్యాహ్నం షిఫ్టుకే దిగి, కర్రతో కప్పు మీద రెండు దెబ్బలు కొట్టి, చాలాసేపు వింటూ ఉండిపోయాడు.

ఇప్పుడు నాకు షుగరూ ఉంది, బీపీ కూడా ఉంది. పల్లీలు పడతాయి కాని గ్యాసని వద్దన్నారు. అక్క దగ్గర నేర్చుకున్న వరుసలోనే నా సలాడ్ నేనే సాయంత్రం సర్దుకుని, బట్ట చుట్టి ముళ్ళు వేసుకుంటాను. ఇంట్లో ఉన్నది నా ఒక్కడి డబ్బానే, ఎవరిదానితోనూ కలిసేది లేదు. అయినా మధ్యాహ్నం విప్పే ముందు కళ్ళు మూసుకుని ముళ్ళు తడిమి చూసుకోందే మూత తీయను. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నేను ప్రార్థన చేసుకుంటున్నానని మర్యాదగా తినడం ఆపి చూస్తుంటారు. వాళ్ళు గమనించనిది ఒకటుంది. నా ఒక కన్ను తెరిచే ఉంటుంది, వాళ్ళ డబ్బాల్లో మామిడిపండు ఏమైనా ఉందేమోనని.