మా ఆయన మోటారు సైకిలుకు కారు టైరు

యాభయ్యో పడికి దగ్గర పడ్డాక మగవాళ్లలో కొందరికి భక్తి పుడుతుంది, కొందరికి షుగరు వస్తుంది. మా ఆయనకు మోటారు సైకిలు వచ్చింది. అదీ మామూలుది కాదు. ఎవరో వాడి అమ్మేసిన విదేశీ బండి, మా మంచమంత పొడుగు. అది మా ఇంటికి వచ్చిన రోజు గేటులోంచి లోపలికి నెట్టడానికి ముగ్గురు మగవాళ్లు కావలసి వచ్చింది. "దూర ప్రయాణాల కోసం చేసిన బండే ఇది," అన్నాడాయన. అంత దూరం ఎక్కడికి పోవాలో ఆయనకూ తెలియదు.

ఆయన గుంటూరు శివార్లలో ఒక మిరప కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. రోజంతా చలిలో బస్తాల మధ్య తిరిగే మనిషికి ఆదివారమైనా ఎండ, గాలి తగలాలి కదా అని నేనూ ఊరుకున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఘర్షణ అంటే ఏమిటో, జడత్వం అంటే ఏమిటో ఇరవై ఏళ్లుగా ఊళ్లో పిల్లలందరికీ చెప్పాను. మా ఇంట్లో మాత్రం ఆ రెండు విషయాల్లో నన్ను అడిగినవాడు లేడు.

బండి కొన్న ఏడాదికే వెనక టైరు అరిగిపోయింది. శ్రీశైలం రెండుసార్లు, హైదరాబాదు నాలుగుసార్లు వెళ్లొచ్చాడు, అంతే. ఒక ఉదయం చూస్తే బండి వెనక గొంతుక్కూర్చుని, తిరుపతిలో గుండు చేయించిన పిల్లాడి తల నిమిరినట్టు టైరు నిమురుతున్నాడు. గాడులన్నీ పోయి నున్నగా ఉంది. అలాంటి టైరు ఇక్కడ దొరకదట. తెప్పించుకోవాలట. తెప్పించాక మళ్లీ ఏడాదికే అరుగుతుందట.

ఆ తర్వాత వారం రోజులు ఆయన ఫోను వదల్లేదు. అందులో తెల్ల గడ్డాల విదేశీయులు పెద్ద పెద్ద బండ్ల పక్కన నిలబడి ఏదో చెబుతుంటే, ఈయన ప్రవచనం విన్నట్టు తల ఊపుతూ వినేవాడు. చివరికి ఒక రోజు కాఫీ తాగుతూ నాకూ ఉపదేశం చేశాడు.

"అక్కడివాళ్లు వెనక చక్రానికి కారు టైరు వేసుకుంటున్నారే. మూడింతలు ఎక్కువ వస్తుందంట. మన రిమ్ముకి కారు టైరు సరిగ్గా సరిపోతుంది కూడా."

"కారు మలుపులో వాలదండీ. మోటారు సైకిలు వాలుతుంది. అందుకే దీని టైరు గుండ్రంగా చేస్తారు, దానిది బల్లపరుపుగా చేస్తారు," అన్నాను.

"నువ్వు పదో తరగతి పుస్తకం చూసి చెబుతున్నావు. వాళ్లు నడిపి చెబుతున్నారు."

పదో తరగతి పుస్తకానికి మా ఇంట్లో అంతటి గౌరవం.

మా వీధి చివర ముప్ఫై ఏళ్లుగా టైర్ల షాపు నడుపుతున్న పెద్దమనిషి ఉన్నాడు. ఊరంతా ఆయన్ని భాయ్ అనే పిలుస్తుంది. ఆటో టైరు నుంచి ట్రాక్టరు టైరు దాకా ఆయన చేతి మీదుగా పోనిది లేదు. మా ఆయన కొత్త కారు టైరు ఒకటి చంకన పెట్టుకుని వెళితే, వేడుక చూద్దామని నేనూ వెళ్లాను. భాయ్ టైరు వంక చూశాడు. బండి వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"సార్, ఇది కారుది."

"తెలుసు భాయ్."

"అది మోటారు సైకిలు."

"అదీ తెలుసు."

"తెలియక అడిగితే చెప్పొచ్చు సార్. తెలిసే అడిగేవాళ్లకు నేనేం చెప్పను?"

ఆ రోజు వేయనన్నాడు. మర్నాడూ వేయనన్నాడు. మూడో రోజు మా ఆయన షాపు ముందు స్టూలేసుకుని కూర్చునేసరికి, వచ్చిన బేరాలు బెదిరిపోతున్నాయని ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. క్యాలెండర్ కాగితం ఒకటి చించి, దాని వెనక "షాపతను వద్దన్నా వినకుండా నా ఇష్టంతో వేయించుకున్నాను" అని రాసివ్వమన్నాడు. మా ఆయన బిరుదు పుచ్చుకున్నంత దర్జాగా సంతకం చేశాడు.

"మేడం, సాక్షి సంతకం," అన్నాడు భాయ్.

నా సర్వీసులో ఎన్నో కాగితాల మీద సంతకాలు చేశాను. అక్షరం అబద్ధం లేని కాగితం అదొక్కటే.

గాలి ఎక్కించేటప్పుడు భాయ్ ఎందుకైనా మంచిదని స్తంభం వెనక నిలబడి పైపు పట్టుకున్నాడు. టైరు అంచు రిమ్ములో కూర్చుంటూ దబ్బుమని మోగింది. పక్క టీకొట్లో గ్లాసులు కింద పెట్టి అందరూ లేచి నిలబడ్డారు. మా ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

మొదటి వారం బాగానే గడిచింది, తిన్నని రోడ్డు మీద. మలుపు దగ్గర మాత్రం బండి వాలనని మొండికేసేది. ఆయన హ్యాండిలు పట్టుకుని దానితో కుస్తీ పట్టేవాడు. ఎవరి మాటా వినకపోవడంలో బండికీ ఆయనకూ మంచి జోడీ కుదిరింది. "అలవాటవ్వాలి, అంతే," అనేవాడు చెమట తుడుచుకుంటూ.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం మా వంటగట్టుకు గ్రానైట్ రాయి కోసం చీమకుర్తి బయల్దేరాం. పాత గట్టు పగిలి ఆర్నెల్లయింది. నేను బస్సులో పోదామన్నాను. ఆయన హెల్మెట్ నా చేతిలో పెట్టాడు.

ఒంగోలు దాకా హైవే. బండి నిజంగానే తొణక్కుండా పోయింది. పత్తి లారీలను దాటేస్తూ ఆయన వెనక్కి తిరిగి అరిచాడు. "చూశావా! పట్టాల మీద రైలులా పోతోంది!"

"రైలు మలుపు తిరగాలంటే పట్టాలే తిరగాలండీ," అని నేనూ అరిచాను. గాలికి వినపడనట్టు నటించాడు.

చీమకుర్తి రోడ్డెక్కాక రైలు సంగతి నిజమే అయింది. ఇంటి గదంత బండరాళ్లు మోసుకుపోయే లారీలు ఆ రోడ్డు మీద చక్రాల జాడలు లోతుగా తొక్కి పెట్టాయి. మా బల్లపరుపు టైరు వెళ్లి ఆ జాడలో కూర్చుంది. కూర్చున్నది లేవదే! ముందు లారీ ఎటు పోతే మేమూ అటే. దాని దుమ్ము తింటూ చాలా దూరం పోయాం. లారీ ఒక క్వారీ గేటు వైపు తిరిగింది. మేమూ తిరగబోయాం. ఆయన కాళ్లు కింద పెట్టి ఈడ్చి, ఎలాగో బండిని రోడ్డు మీదికి తెచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మాకు సెల్యూట్ కొట్టాడు.

రాయి చూసుకుని, లారీలో పంపమని చెప్పి తిరుగు ప్రయాణమయ్యాం. ఇక్కడ నా తప్పూ కొంత ఉంది. ఒంగోలులో భోజనం చేస్తూ నేనే అన్నాను, "తిన్నగా పోవడానికి ఎడ్లబండి చాలు కదండీ" అని. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "సరే అయితే. హైవే వద్దు. ఇంకొల్లు, పర్చూరు మీదుగా పోదాం. ఎన్ని మలుపులున్నాయో అన్నీ తిప్పి చూపిస్తా," అన్నాడు. పౌరుషం వచ్చిన మనిషికి లోకంలో అడ్డేముంది? మలుపు తప్ప.

పర్చూరు ఇంకా రాలేదు. మధ్యాహ్నం ఎండ. రోడ్డుకు రెండు వైపులా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బండి పెద్ద స్పీడులో కూడా లేదు. ముందు కాలువ వెంబడి రోడ్డు ఎడమకు తిరిగింది. ఆయన తిరిగాడు. నేను తిరిగాను. బండి తిరగలేదు. తిన్నగా రోడ్డు దిగి, చిన్న గట్టు మీంచి జారి, ఒక మిరప కళ్లంలోకి దున్నుకుంటూ పోయి, మధ్యలో కూరుకుపోయి మెల్లగా పక్కకు ఒరిగింది. ఆయన ఒక వైపు, నేను ఒక వైపు పడ్డాం.

ఎండిన మిరపకాయల మీద పడటం పరుపు మీద పడినట్టే ఉంటుంది. ఊపిరి తీసుకునే దాకా. గింజల దుమ్ము ఒక్కసారిగా లేచింది. కళ్లు మూతలు పడ్డాయి. ముక్కు, గొంతు భగ్గుమన్నాయి. మోచెయ్యి కొంచెం గీరుకుపోయింది తప్ప నాకేమీ కాలేదని రెండు క్షణాల్లో తెలిసిపోయింది.

"ఏమే!" అని కేక వేశాడు ఆయన.

నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. పలకలేదు. ముందు బండి సంగతి చూసుకుంటాడులే అనుకున్నాను. కొంచెం భయపడితే బుద్ధి వస్తుందని కూడా అనుకున్నాను.

"ఏమే, ఎక్కడున్నావే?"

అప్పటికీ పలకలేదు. కళ్లు కొంచెం తెరిచి చూశాను. ఆయన హెల్మెట్ నెత్తి మీద అలాగే ఉంది. కళ్లు తెరవలేక, మోకాళ్ల మీద పాకుతూ రెండు చేతులతో కాయల్ని తడుముతున్నాడు. బండి వైపు కాదు. నేను పడిన వైపు. దగ్గుతో మాట తెగిపోతోంది.

"ఒక్క మాట పలకవే... ఏదో ఒకటి తిట్టవే!"

పాతికేళ్ల కాపురంలో ఆ గొంతు నేను వినలేదు. "ఇక్కడే ఉన్నానండీ," అన్నాను. ఆ మాట వినపడిన వైపు పాకి వచ్చాడు. చేతికి నా చెప్పు దొరికింది. నా కాలూ చెప్పూ కలిపి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఒంగోలు నుంచి దాచుకొచ్చిన వెటకారమంతా నా నోట్లోనే ఉండిపోయింది.

ఈలోపు కళ్లం మనిషి వచ్చింది. అరవై దాటిన రైతమ్మ, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది.

"ఏందయ్యా ఇది? రోడ్డు అటుంటే నువ్విటొచ్చావేంది? తాగావా?"

"లేదమ్మా, టైరు..." అన్నాడు ఆయన దగ్గుతూ.

"టైరు తాగిందా?"

అని అందే గానీ, మమ్మల్ని చెరో రెక్కా పట్టుకుని లేపి వేపచెట్టు కింద కూర్చోబెట్టింది. "రుద్దుకోబాకండి, రుద్దితే ఇంకా మండుద్ది," అంటూ బిందెడు నీళ్లు మా కళ్ల మీద పోసింది. చేతులకు పెరుగు రాసింది. మేం మనుషుల్లో పడ్డాక కళ్లం వైపు తిరిగి చూసింది. ఈ కొస నుంచి నడిమి దాకా కాయ నలిగిపోయి ఉంది. మా ఆయన జేబులోంచి పర్సు తీశాడు.

"నీ డబ్బులెవరికి కావాలయ్యా! ఎల్లుండి కాయ గుంటూరు మిర్చి యార్డుకు పోవాల. నలిగిన కాయ మంచి కాయలో కలిసిందంటే లాటంతా పనికిరాదంటారు. ఇద్దరూ కూచోని ఏరండి."

ఏరాం. సాయంత్రం దాకా ఏరాం. మోకాలు వాచినా ఆయన ఒక కాలు చాపుకుని కూర్చుని, ఒక్కొక్క కాయా చూసి నలిగింది ఇటు, మంచిది అటు వేశాడు. చాలా శ్రద్ధగా. మధ్యలో ఆమె అడిగింది, ఏం ఉద్యోగమని. ఆయన తల వంచుకుని ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. "మిరప కోల్డ్ స్టోరేజీలో మేనేజరండీ," అని నేనే గర్వంగా చెప్పాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. ఒక కాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. "అయితే తేమ చూసి చెప్పు."

ఆయన కాయను చెవి దగ్గర ఆడించాడు. తొడిమ విరిచి చూశాడు. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, రైతులతో రోజూ మాట్లాడే గొంతు తెచ్చుకుని, "ఇంకో ఎండ కావాలమ్మా," అన్నాడు.

"అందుకేగా ఎల్లుండి అన్నాను. ఆ మాత్రం చెప్పినందుకు నీకు జీతం కూడా ఇస్తన్నారా?"

నేను పక్కకు తిరిగి దగ్గాను. అది ఘాటు వల్ల వచ్చిన దగ్గు కాదు.

గుంటూరుకు బస్తాలు తీసుకుపోయే వ్యాను ఒకటి ఆపి, బండిని అందులో ఎక్కించింది కూడా ఆమే. మేం డ్రైవరు పక్కన ఇరుక్కుని ఇల్లు చేరాం. ఆయన మోకాలు చిప్ప సన్నగా చిట్లిందని డాక్టరు కట్టు కట్టాడు.

మర్నాడు భాయ్ మా ఇంటికే వచ్చి టైరు విప్పాడు. ఎండలోకి తీసుకెళ్లి చుట్టూ తిప్పి చూశాడు. "సార్, టైరుకేం కాలేదు. ఒక్క గాడి కూడా అరగలేదు."

మా ఆయన మంచం మీంచే లేవబోయాడు. "చెప్పానా! నేను చెప్పానా!"

"మీరే కొంచెం అరిగారు సార్," అన్నాడు భాయ్.

బండికి దాని అసలు టైరు వచ్చేదాకా, కట్టు విప్పాక కూడా, ఆయన్ని కోల్డ్ స్టోరేజీలో దింపే పని నాదే అయింది. నా స్కూటీ వెనక కూర్చుని ప్రతి మలుపులో "వాల్చు, వాల్చు" అని పాఠం చెప్పేవాడు. "మీరు నిటారుగా కూర్చోండి చాలు," అనేదాన్ని.

వేసవిలో తాడేపల్లిలో మా మరిది కూతురి పెళ్లి జరిగింది. బంతి భోజనంలో నేను ఈయన పక్కనే కూర్చున్నాను. మగవాళ్లంతా ఈయన చుట్టూ చేరి, కుంటుతున్న కాలికేమైందని అడిగారు. ఈయన ముద్ద కలపడం ఆపి మొదలుపెట్టాడు. ఆ కథలో కారు టైరు లేదు. పర్చూరు రోడ్డు మీద ఎటు నుంచో పరిగెత్తుకొచ్చిన ఒక గేదె ఉంది. దాన్ని కాపాడటానికి ఈయన ప్రాణాలకు తెగించి, రెప్పపాటులో బండిని కళ్లంలోకి దింపేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆహా అన్నారు.

ఎదురు వరసలో కూర్చున్న మా చిన్న తోడికోడలికి మాత్రం అనుమానం తీరలేదు. నా వైపు వంగి గట్టిగా అడిగింది. "నిజమేనా అక్కా? గేదేనా?"

వరసంతా నా వైపు తిరిగింది. మా ఆయన పులిహోర ముద్ద నోటి దాకా ఎత్తి అలాగే ఆపాడు. పిల్లలకు ఇరవై ఏళ్లుగా సత్యం చెప్పమని చెబుతున్నదాన్ని.

"గేదే," అన్నాను. "అది కూడా సూడిది, పాపం."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి, ఎవరూ చూడటం లేదనుకుని, తన విస్తట్లో బూరె తీసి నా విస్తట్లో వేశాడు.