మా ఊరికి చూపించని చివరి రీలు

మా ఊళ్ళో ఆ సినిమాకి చివరి రీలు వెయ్యలేదు. వెయ్యకపోగా, అందులోని ఆడమనిషి సముద్రంలోకి నడిచి వెళ్ళి ప్రాణం తీసుకుందని, తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి మా అందరికీ అబద్ధం చెప్పాడు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, యాభై ఏళ్ళు దాటిన తరవాత ఇప్పుడూ అంటున్నాను.

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు టీవీలో చానళ్ళు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట రెప్పపాటు ఆగింది. నలుపూ తెలుపుల్లో ఒక దీవి, అట్టముక్కలతో చేసినట్టు ఇట్టే తెలిసిపోయే కొబ్బరి చెట్లు, చిరుగుల చొక్కాలతో ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ మధ్య తడి జుట్టు దులుపుకుంటూ ఒక ఆడమనిషి. ఆపమ్మా, ఆపు, అని నేను పెట్టిన కేకకి ఆ పిల్ల నాకేదో అయిపోయిందనుకుని మంచినీళ్ళు తెచ్చింది. నీళ్ళు పక్కన పెట్టి, కుర్చీ టీవీకి ఆనించుకుని, ఆ సినిమా ఆసాంతం చూశాను. ఎన్నాళ్ళుగానో ఎదురు చూసిన చివరి రీలుతో సహా చూశాను.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, యుద్ధం ఆగిపోయిన కొత్తల్లో అనకాపల్లికి గుడారం సినిమాలు వచ్చేవి. నేనప్పుడు బెల్లం కొట్టులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. మూడో తరగతితో బడి ముగిసినా, పొట్లాల కాగితాలు విప్పి చదివీ, కిళ్ళీ కొట్టు పేపరు అడుక్కుని చదివీ నాలుగు ముక్కలు సంపాదించుకున్నాను. ఇంగ్లీషు సినిమా అయితే భాష ఎవరికీ రాదు కనక, చేతిలో బెత్తం పట్టుకుని తెర పక్కన ఒక మనిషి నిలబడేవాడు. ఈయన మొగుడు, ఈవిడ పెళ్ళాం, ఇతను మొగుడి స్నేహితుడు అని బెత్తంతో చూపించి, వాళ్ళు అక్కడ ఒక్క మాటంటే ఇతను ఇక్కడ పది మాటలు చెప్పేవాడు. ఓడ మునిగిపోతుంది, పెళ్ళామూ స్నేహితుడూ ఒక దీవికి కొట్టుకొస్తారు. మొగుడు పోయాడనుకుంటారు. కొన్నాళ్ళు ఏడ్చి, కొన్నాళ్ళు చేపలు కాల్చుకుతిని, చివరికి ఇద్దరూ ఒకరికొకరు దగ్గరవుతుండగా, గడ్డం పెంచుకుని ఆ మొగుడు దీవి అవతలి పక్కనుంచి నడిచి వస్తాడు.

బట్టలు చాలని ఆ సినిమాని మా ఊరి పెద్దమనుషులంతా పగలు తిట్టి, చీకటి పడ్డాక తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళి చూశారు. ఇలాంటి సినిమాలకి ఇంగ్లీషు నేర్చుకోడానికి వెళుతున్నానని నేను ఇంట్లో చెప్పేవాణ్ణి. ఈ సినిమాలో మాటలకంటే అరుపులే ఎక్కువ, వాటితో నేర్చుకోదగిన ఇంగ్లీషేమీ లేదు. ఇద్దరు మగాళ్ళూ ఒక పీత కోసం ఇసకలో పడి దొర్లుతుంటే నాకు మహా ఆనందం వేసింది, నిజానికి మొన్న కూడా అంతే ఆనందం వేసింది. అది మంచి సినిమా అని నేను అనను. మంచివన్నీ ఎంతమందికి గుర్తున్నాయి?

ఇక్కడ మా పెద్దక్క సంగతి చెప్పాలి. పెళ్ళయిన ఏడాదికే ఆమె భర్త రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు. కడుపు నిండని ప్రతి ఇంటి నుంచీ ఒక మగవాడు ఓడెక్కి అక్కడి బియ్యం మిల్లులకీ రేవులకీ పోయేవాడు. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాక కొందరు నడిచీ, కొందరు ఓడల్లోనూ తిరిగొచ్చారు. మా రంగం బావ ఓడెక్కడం కళ్ళారా చూశానన్న మనిషి ఒకడు వచ్చాడు గాని, ఆ ఓడా రాలేదు, బావా రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు. అక్క గాజులు తియ్యాలో ఉంచాలో చెప్పగల పెద్ద మా కులంలో ఒక్కడు లేడు. పేరంటంలో ఆమె దాకా వచ్చి కుంకుమ బరిణె వెనక్కి తీసుకున్న ముత్తయిదువలు మాత్రం బోలెడుమంది.

మాలో మారుమనువు తప్పు కాదు. మా మేనమామ కొడుకు, తుమ్మపాలలో చెరకు పండించే బావ, అక్క పెళ్ళికి ముందునుంచీ ఆమెనే అనుకున్నవాడు, అప్పట్లో పెద్దల పట్టింపుల వల్ల ఆ సంబంధం తప్పిపోయింది. ఇప్పుడా మాట మళ్ళీ లేచింది. ఇలాంటి మాటలు పెద్దల నోటే నడవాలన్నది మా మర్యాద కనక, మామ వచ్చి అమ్మని అడిగాడు, అమ్మ అక్కని అడిగింది, కులపెద్దలు కూడా వచ్చి అరుగు మీద కూర్చుని అడిగారు. అక్క అందరినీ ఒకటే అడిగేది.

"ఆయనొత్తేనో?"

సరిగ్గా ఆ ప్రశ్న మీదే నడిచే సినిమా ఊళ్ళోకి వచ్చిందని కిళ్ళీ కొట్టు దగ్గర విని నేను చెప్పగా, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, తనని తీసుకెళ్ళమంది. అమ్మా, నేనూ, అక్కా బయలుదేరాము. బండి మాత్రం తుమ్మపాల బావది, తోలింది కూడా ఆయనే.

ఆడవాళ్ళ వైపుకి మధ్యలో దుప్పటి కట్టి ఉండేది. ఆ దుప్పటి వెనకనుంచి ఒక ముసలమ్మ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఓలమ్మా, దాని రాత సూడర్రా! ఒకడు కట్టెలేరతన్నాడు, ఇంకొకడు వొండి పెడతన్నాడు. మా ఇంట్లో ఉన్న ఒక్కడూ సెంబుడు నీల్లు తోడడు!" అనగానే గుడారమంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లో మా అక్క నవ్వు కూడా వినబడింది. బావ ఓడ రాకుండా పోయాక ఆ నవ్వు నేను వినడం అదే మొదలు. గడ్డం మొగుడు కనబడేసరికి నవ్వులు ఆగిపోయాయి. చంటిపిల్లలు సైతం ఏడవలేదు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు, అంతలో తెర తెల్లబోయింది. కథ చెప్పేవాడు లాంతరు పైకెత్తి, ఆ ఇల్లాలు తన తప్పు తెలుసుకుని సముద్రంలోకి వెళ్ళిపోయింది, అమ్మలారా, ఇదే ఆడదాని ధర్మం అని దండం పెట్టాడు. ఆడవాళ్ళంతా ముక్కులు చీదారు. బావ బండి తోలుకొచ్చి మమ్మల్ని ఇంటి దగ్గర దింపాడు. పొద్దున్నే అక్క అమ్మకి ఆ మనువు వద్దని చెప్పేసింది.

నా ఒళ్ళు మండిపోయింది. కాటా వదిలేసి గుడారానికి పోయాను. కథ చెప్పేవాడు తాడు మీద పంచె ఆరేసుకుంటున్నాడు. చివరి రీలు ఏదని నిలదీశాను.

"ఏటి బాబూ, పొద్దున్నే తగువా?" అని నవ్వాడు. "బుచ్చయ్యపేటలో దాన్ని మొగుడికే అప్పసెప్పేసేను. గొలుగొండలో మొగుణ్ణి సంపేసేను, జనం రాల్లేసేరు. మీదేమో పరువుగల ఊరని దాన్నే సంపేసేను. ఎవులికీ నొప్పి నేదు కదా!"

మరి నిజంగా ఏం జరిగిందిరా అని అడిగాను.

"నాకేటి తెలుసు? అందులో ముద్దులున్నాయని మా ఓనరు ఆ డబ్బా మద్రాసులోనే ఒగ్గీసేడు."

ఇంటికి పరిగెత్తి, అదంతా అబద్ధమే, ఆవిడ చావలేదే అక్కా అని చెప్పాను. అక్క పొయ్యిలో పుల్లలు సర్దుతూ, "మరి నిజమేటి?" అంది. ఆ నిజం కోసం విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రతి చదువుకున్నవాణ్ణీ అడిగాను. ఇంగ్లీషు కూడా కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఎవరికీ తెలియదు, చూసినవాళ్ళు కూడా ఆ పేరెత్తితే చూడనట్టు మొహం పెట్టేవారు. తుమ్మపాల బావ కొన్నాళ్ళాగి వేరే పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, ఆమధ్య పోయాడు. ఆ రోజు అక్క వెళ్ళి, వాళ్ళ వాకిట్లో అందరికంటే వెనక నిలబడి తిరిగొచ్చింది. రంగం బావ కబురు ఈనాటికీ లేదు.

ఇప్పుడు సినిమాని సగంలో ఆపి మనల్ని ఇంటికి పంపేవాడు లేడు. మన మేలు కోరి అబద్ధం చెప్పేవాడూ లేడు. ముద్దులూ, ముగింపులూ అన్నీ మధ్యాహ్నం పూట కాఫీతో పాటు ఇంట్లోకే వస్తాయి, మా మనవరాలు అవి కూడా చూడకుండానే మార్చేస్తుంది. కావలసినవాళ్ళకి కావలసిన పూట దొరకనిది ఇంత చవకైపోయాక చూస్తే, సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

అక్క మా పక్క వాటాలోనే ఉంటుంది. చూపు ఆనదు. మొన్న సినిమా అయిపోయిన వెంటనే వెళ్ళి ఆమె మంచం దగ్గర పీట వేసుకుని చెప్పాను. ఎవ్వరూ చావలేదే అక్కా, అన్నాను. ఓడ వచ్చింది, ముగ్గురూ ఒడ్డున నిలబడ్డారు. ఆ స్నేహితుడు ఆవిడకేసి చూసి, నాతో వస్తావా అని అడిగాడు, ఆవిడ వెళ్ళి ఓడ దగ్గరికి చేర్చే పడవలో అతని పక్కన కూర్చుంది. మొగుడే తెడ్డు పట్టుకున్నాడు. ఇంతే కథ. ఆ బెత్తంవాడు నోటికొచ్చింది కూసి నీ బతుకు ఇలా చేశాడు, అని ఇన్నేళ్ళ ఉక్రోషమూ వెళ్ళగక్కాను.

అక్క చేత్తో తడిమి నా భుజం పట్టుకుంది.

"అడిగేడా? ఆ పిల్లని నోరిప్పి అడిగేడా? ఒరే, సినిమా సూసి మనువు మానుకోడానికి నేనేటి పిచ్చిదాన్నేట్రా? ఆడు అబద్దమాడతన్నాడని అక్కడే తెలిసిపోయింది నాకు. బండెక్కిన కాడ్నుంచీ ఇల్లు సేరేదాకా బావ ఈపుకేసే సూసేను, ఒక్కపాలి ఎనక్కి తిరిగి 'వత్తావా' అంటాడేమోనని. అంటే రంగమూ నేదు, ఓడా నేదు, ఎల్లిపోదును. మావ అడిగేడు, అమ్మ అడిగింది, ఊరు ఊరంతా అడిగింది. బావొక్కడే అడగనేదురా."