పక్క లైనులో పాపసంకీర్తనం

మచ్చ బొల్లారంలో మొగుణ్ణి వదిలేసి శామీర్‌పేటలో అమ్మ ఇంటికి వచ్చిన కొత్తలో నేను చేసిన మొదటి పని పాపసంకీర్తనానికి వెళ్ళడం. మా క్యాథలిక్కుల్లో అది గురువు దగ్గర మోకరించి ఎవరి పాపాలు వాళ్ళు చెప్పుకునే పద్ధతి. నేను మాత్రం మొగుడి పాపాలు చెప్పాను. పెళ్ళయిన నాటి నుంచి వరుసపెట్టి, ఒక్కటీ వదలకుండా. కొట్టిన దెబ్బలు, బయట గడియ పెట్టి డ్యూటీకి పోవడం, అమ్మ పంపిన తొక్కు జాడీని నా ముందే మోరీలో బోర్లించడం. దెబ్బల దగ్గర గట్టిగానే ఉన్నాను గానీ, జాడీ దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. అంత బాగా కుదిరిన తొక్కు మళ్ళీ మా ఇంట్లో కుదరలేదు మరి.

తెర అవతల ఫాదర్ అంతా విన్నారు. ఆయన గుంటూరు వైపు మనిషి, మా గుడికి కొత్తగా వచ్చారు, నాకంటే కొంచెమే పెద్ద.

"అమ్మా, ఇవేవీ మీ పాపాలు కావు. మీవి ఏమైనా ఉంటే చెప్పండి."

"నావేమున్నయి ఫాదర్. ఓపిక పట్టిన. గదే నా తప్పు."

"అది పాపం కింద రాదు."

"అయితె నాకు ప్రాయశ్చిత్తం ఇయ్యరా?"

నా ముందు వెళ్ళిన వాళ్ళందరూ తలా మూడు మంగళవార్త జపాలు పుచ్చుకుని బెంచీల దగ్గర మోకరించి ఉన్నారు. నేనొక్కదాన్నే ఉత్త చేతులతో తిరిగి వస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఆయన ఏదో అన్నారు, నాకు వినపడలేదు. ఇంకోసారి చెప్పించుకున్నాను. ఇంటికి వెళ్ళి కడుపునిండా తినమన్నారు. నా ఎడమ చెవి సరిగ్గా వినపడదన్న సంగతి ఎవరికీ తెలియదు. బాత్రూంలో జారిపడ్డానని చెప్పి దవాఖానాలో చూపించుకున్న చెవి అది.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి మోకరించే బల్ల, తెరతో సహా, ఫాదర్ కుర్చీకి రెండో పక్కకు మారి ఉంది. ఇప్పుడు నా కుడి చెవి తెర వైపు వచ్చింది. బల్ల ఎందుకు మార్చారని అందరూ గొణిగారు. పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశి అయితే, పాత చోటే మంచిగుండెనని ఆదివారం ఆదివారం అన్నాడు. ఫాదర్ ఎవరికీ కారణం చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేను మనుషుల తప్పులు గుర్తుపెట్టుకోవడంలో ఆరితేరినదాన్ని. మంచి గుర్తుపెట్టుకోవడం అలవాటు లేక, ఆ బల్లను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాలా అవస్థపడ్డాను.

అక్కడి నుంచి ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ దగ్గరికి ఒక ఫిర్యాదు తీసుకుపోవడం మొదలుపెట్టాను. మొగుణ్ణి వదిలేసిందని ఉపదేశి నాకు పూజలో బైబిలు పఠనం చదివే వంతు తీసేశాడు, అది మొదటిది. ఫాదర్ వంతు తిరిగి ఇప్పించారు. దానితో ఆగాల్సింది. మైకు కీచుమంటోందన్నాను. కొత్త కాలనీల నుంచి వచ్చే ఉద్యోగస్తుల ఆడవాళ్ళు ఫ్యాను కింది బెంచీ మీద చేతిసంచి పెట్టి జాగా ఆపుతున్నారన్నాను. పండుగ భోజనంలో నా ఆకు దగ్గరికి వచ్చేసరికి ముక్కలు అయిపోయి పులుసే మిగిలిందన్నాను. చివరికి, పూజ జరుగుతుంటే జవహర్‌నగర్ చెత్తకుప్పల వాసన వస్తోందన్నాను.

"గాలి నా చేతిలో లేదమ్మా," అన్నారు ఫాదర్. "పైవారికి చెబుతాను."

అన్నీ నిలబడే వినేవారు. ఎవరైనా మధ్యలో పిలిచినా, ఉండండి, ఈమె మాట పూర్తికాలేదు అనేవారు. మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయేదాన్ని నేను. అక్కడ డబ్బాలు మూస్తూ వారమంతా వచ్చే ఆదివారానికి ఫిర్యాదు వెతుక్కునేదాన్ని. దొరకని వారం దిగులేసేది. ఇది ఏ రోగమో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ఇంతలో ఫాదర్ నన్ను "అమ్మా" అనడం మానేశారు. ముసలమ్మను అమ్మా అంటారు, చంటిపిల్లను అమ్మా అంటారు, ఫ్యాను కింది చేతిసంచుల వాళ్ళను కూడా అమ్మా అంటారు. నా దగ్గరికి వచ్చేసరికి ఉత్తగా "చెప్పండి" అంటారు. విసుగొచ్చిందన్నమాట, నేను అమ్మా అనడానికి కూడా పనికిరాను అనుకున్నాను. ఆ అవమానాన్ని మనసులో భద్రంగా పెట్టుకున్నాను.

తపస్సు కాలం వచ్చింది. ఈస్టర్ ముందు అందరూ పాపసంకీర్తనానికి వస్తారు గనుక బయటి నుంచి ఇంకో గురువును పిలిపిస్తారు, రెండు లైన్లు కడతారు. మా వైపు మర్యాద ఏమిటంటే, సొంత ఫాదర్ లైన్లోనే నిలబడాలి. పక్క లైన్లో నిలబడ్డామంటే ఫాదర్‌కు తెలియకూడని పాపమైనా ఉండాలి, ఫాదర్ మీదే కోపమైనా ఉండాలి. ఇదంతా తెలిసీ, నేను గుడి మధ్యలో నడిచి వెళ్ళి పక్క లైన్లో నిలబడ్డాను. వేరే దారి లేదు. ఆయన మీది ప్రేమను ఆయనకే పాపంగా ఎలా చెప్పను? గుడి గుడంతా తలలు తిప్పింది. ఫాదర్ కూడా చూశారు.

వచ్చిన గురువు బాగా పెద్దాయన. చెప్పాను.

"పెండ్లయినోడా బిడ్డా?"

"గుడితోటి అయింది ఫాదర్."

పెద్దాయన గొంతు తగ్గించాడు.

"పేరు జెప్పకు. నీకు పెండ్లయిందా?"

"అయింది. వదిలేసిన."

"దేవుని లెక్కల ఇంక పెండ్లి ఉన్నట్టే గదా."

"దేవునికి నా లెక్క తెల్వదా ఫాదర్?"

"పాపం జెప్పుకోను వచ్చినవా, దేవుని మీద కేసు వెయ్యనొచ్చినవా?"

ఆ మనిషికి దూరంగా ఉండమని, చాలా జపాలు ఇచ్చి పంపాడు. అవన్నీ మోకాళ్ళ మీద చెబుతుంటే ఉపదేశి పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఫాదర్ మీద ఏం కంప్లైంట్ ఇచ్చినవే?"

"ఏం ఇయ్యలే."

"గింతసేపు మోకాళ్ళ మీదున్నవంటే పెద్దదే ఇచ్చినట్టున్నవ్. మంచోడే గదనే ఆయన."

ఈస్టర్ అయ్యాక ఫాదర్లు ఇల్లిల్లూ తిరిగి పవిత్ర జలం చల్లుతారు. ఒక మధ్యాహ్నం మా ఇంటి వంతు వచ్చింది. టీ పెడతానని అమ్మ లేచింది గానీ పాలు లేవు. గిన్నె పట్టుకుని వీధి చివరికి పోయింది.

"ఆ రోజు పక్క లైన్లో నిలబడ్డారు," అన్నారు ఫాదర్.

"నిలవడ్డ."

"నా మీద ఫిర్యాదు ఇచ్చారని ఉపదేశి గారు బాధపడుతున్నారు."

"ఉన్నది ఒకటి. ఆ పెద్ద ఫాదర్‌కు జెప్పలే."

"నాకు చెప్పండి."

"అందర్ని అమ్మా అంటరు. నన్ను అంటలేరు."

ఆయన నీళ్ళ చెంబు వైపు చూశారు. "అనలేకపోతున్నాను," అన్నారు.

నేను ఎదురుగా ఉన్న పీట మీద కూర్చుండిపోయాను. తనకు బదిలీ వచ్చిందన్నారు. వెళ్ళకుండా, ఈ అంగీ విడిచి, గురుత్వం వదిలి ఉండిపోగలనన్నారు. ఊళ్ళో తన కన్నవాళ్ళు తల వంచుకోవాల్సి వస్తుందని తెలుసన్నారు.

"మీరు సరే అంటేనే. వద్దంటే ఈ మాట ఇక్కడితో అయిపోతుంది."

నాకు కావలసింది నా ఇంట్లో, పట్టపగలు, కుర్చీలో కూర్చుని ఉంది. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడే, ఎందుకో గానీ, అల్వాల్‌లో ఒక అద్దె గది కళ్ళ ముందుకొచ్చింది. మంచం మీద ఆయన పడేసిన తడి తువ్వాలు. దాన్ని చూస్తూ నిలబడ్డ నేను. నా కోసం దేవుణ్ణి, గుడిని, కన్నవాళ్ళ పరువును వదిలేసి వచ్చిన మనిషిని, తువ్వాలు తీగ మీద ఆరేయమని ఏ మొహంతో అడుగుతాను?

"వద్దు ఫాదర్."

"ఎందుకో అడగొచ్చా?"

"మీ మీద కంప్లైంట్ చెయ్యలేను."

ఆయన నవ్వారు. "చేస్తారు. ఆ నమ్మకం నాకుంది."

"చెయ్యను. గింత వదిలి వచ్చినోడు, గీ మాట ఎట్లంటవని నన్ను నేనే ఆపుకుంట. మీరేం జేసినా నోరు మూసుకుంట. నోరు మూసుకొని బతుకుడు మచ్చ బొల్లారంల అయిపోయింది నాకు. మల్ల చాతగాదు."

నవ్వు ఆగిపోయింది. "సరే" అన్నారు. లేచి నాలుగు మూలలా నీళ్ళు చల్లారు. అమ్మ వచ్చి టీ ఇస్తే తాగారు, చక్కెర సరిపోయిందని చెప్పారు, పక్కింటికి వెళ్ళారు.

వీడ్కోలు పూజ రోజు ఆయనకు శాలువాలు కప్పారు. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. ఎవరూ నా పక్కన కూర్చోలేదు. నా ఫిర్యాదు వల్లే బదిలీ అయిందని ఊరంతా తేల్చేసింది. నిజం చెప్పే వీలు లేదు. జన్మలో నేను చేయని ఫిర్యాదు అదొక్కటే, పేరొచ్చింది దానికే.

ఇంటికి వచ్చాక అమ్మ ముందు ఏడ్చాను. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. పాలకు పోయి అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో ఆమె కూడా చెప్పలేదు.

"అడిగిండా?" అంది.

"అడిగిండు. వద్దన్న."

"మరి ఇగ ఏడ్చుడెందుకే?"

"మల్ల అడగలే."

"అడిగితె ఒక లొల్లి, అడగకుంటె ఒక లొల్లి. నిన్ను కన్న పాపానికి నాకెన్ని జపాలియ్యాలె."

పదో తరగతి కాగానే పెళ్ళి వద్దంటే బాపు వినలేదు. కొట్టొద్దంటే మొగుడు వినలేదు. పంచాయితీ వద్దంటే పెద్దమనుషులు వినలేదు. నేను వద్దంటే, ఒక్కసారికే, అరవకుండా, అలగకుండా విన్న మగవాడు ఆయనొక్కడే. అంత మంచి మనిషి మీద ఇన్నేళ్ళుగా కోపం పెట్టుకోవడం న్యాయం కాదని నాకు తెలుసు. రెండోసారి అడిగినా వద్దనే అనేదాన్నేమో, అది వేరే సంగతి. అడగాల్సింది.