కట్టెల కోటలో మా తాతయ్య అడగమన్న మాట

నా చిన్నప్పుడు, ఐదో తరగతి అయిపోయిన వేసవిలో, మా తాతయ్యతో కలిసి అమెరికా వెళ్ళాను. అక్కడ నర్సుగా పనిచేసే మా మేనత్త మమ్మల్ని పిలిపించుకుంది. నాచారంలో బయలుదేరిన నాటి నుంచి నా మనసంతా అక్కడి రంగులరాట్నాల మీదే ఉంది. తీరా అత్తయ్య తీసుకెళ్ళింది, వందల ఏళ్ళ కిందట తెల్లవాళ్ళు అడవి నరికి కట్టుకున్న ఒక పాత ఊరికి. దుంగలు పేర్చిన ఇళ్ళు, చుట్టూ కట్టెల కోట. అన్నీ అలాగే కాపాడి ఉంచారు.

ఎండ, దుమ్ము, కాళ్ళ నొప్పులు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పైగా తాతయ్య ప్రతి ఇంటి ముందూ ఆగిపోతున్నాడు. ఒక గుమ్మం దగ్గర, పాతకాలపు గౌను వేసుకున్న పెద్దావిడ అందరికీ ఆ ఊరి కథ చెబుతోంది. తెల్లవాళ్ళు వచ్చేనాటికి ఇదంతా ఖాళీ నేలేనట. అత్తయ్య ఆ మాట తెలుగులో చెప్పగానే తాతయ్య మొహం మాడిపోయింది.

"ఖాళీ ఎట్లుంటది బిడ్డా? ముందుగాల ఎవలుండిరో అడుగు జర."

"ఊకో నాయినా, గట్లడిగితే బాగుండదు," అంది అత్తయ్య.

ఆయన కదలలేదు. వెనక జనం గొణుగుతున్నారు. నాకు చిరాకు నసాళానికంటింది. ఎలాగైనా అక్కడి నుంచి బయటపడాలని, బడిలో నేర్చిన ఇంగ్లీషు ముక్కలు కూడగట్టుకుని నేనే అడిగేశాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇక్కడ మక్కజొన్న చేలు వేసుకుని బతికినవాళ్ళు ఉండేవారని, వాళ్ళను తరిమేశారని, వాళ్ళ ఇల్లు ఒక్కటీ మిగల్లేదని మెల్లగా చెప్పింది.

బయటికొచ్చాక తాతయ్య నా తల నిమిరాడు.

"మన చేన్ల ఫ్యాక్టరీ కట్టినప్పుడు గూడ ఖాళీ జాగ అనే అన్నరు బిడ్డా. మీ నాయినమ్మ జొన్న కోసిన చేను గది. గప్పుడు అడిగెటోళ్ళు లేకుండె. నువ్వన్న అడిగినవ్."

రంగులరాట్నం ఎక్కకుండానే ఇంటికొచ్చేశాం. ఆ కోపం నాకు చాలా రోజులు తగ్గలేదు.

మొన్న మా అబ్బాయి నారపల్లి అవతల ప్లాటు చూపించడానికి తీసుకెళ్ళాడు. అమ్మే మనిషి, "అంతా ఖాళీ జాగనే మేడమ్," అన్నాడు. ముందు ఎవరి చేను అని అడిగాను. తెలియదన్నాడు. వాళ్ళ ఆఫీసులో ఇంకొకరిని అడిగితే, వారికీ తెలియదు. మా అబ్బాయి విసుక్కుంటూ వెళ్ళి కారు స్టార్ట్ చేశాడు. నేను మాత్రం రోడ్డు దాటి, బడ్డీకొట్టు దగ్గర కూర్చున్న ముసలామె వైపు నడిచాను. ఆమెకైనా తెలిసి ఉంటుందేమోనని.