శశాంక్ నోట చేపల పేర్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా ఆ మాటెత్తితే వాళ్లను ఏడిపించి వదిలే రకం నేను. డ్రమ్స్ వాయించేవాణ్ణి, నా చెవులు బాగానే పనిచేస్తాయి. కాబట్టి ఆ ఆదివారం నేను విన్నది భ్రమ అని మాత్రం అనకండి. గ్రౌండ్‌లో ఉన్న జనమంతా విన్నారు.

మాది విశాఖలో చిన్న రాక్ బ్యాండ్. సినిమా పాటలు వాయించం, మా పాటలు మేమే కట్టుకుంటాం. మేమే అంటే నిజానికి నూకరాజే. వాడిది హార్బర్ దగ్గర జాలరిపేట. అన్నలు వేటకెళ్తారు, అక్క పోలమ్మ చేపలమ్ముతుంది. వాడికేమో గిటారు పిచ్చి. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మేమిద్దరమే కూర్చుని పాటలు కట్టేవాళ్లం.

వాడికి ముందు ట్యూన్ వచ్చేది, మాటలు నెమ్మదిగా వచ్చేవి. అందాకా ఆ చోటు నింపడానికి ఇంకొకడైతే తానననా అంటాడు. వీడు చేపల పేర్లు పాడేవాడు. "సందువ సందువ కోనాం, నెత్తళ్లు నెత్తళ్లు టేకు" అంటూ కళ్లు మూసుకుని, భక్తిగీతమంత శ్రద్ధగా! నాకు నవ్వాగేది కాదు.

అసలు మాటలు కుదిరాక మాత్రం ఆ చేపల వరస మళ్లీ ఎత్తేవాడు కాదు. నేను సరదాకి అందుకున్నా ఊరుకునేవాడు కాదు.

"ఒగ్గీ బావ. మాటలు అలుగుతాయి," అనేవాడు.

శశాంక్ ఆ తర్వాత వచ్చాడు. మంచి గొంతు, కాదనను. ఇంట్లో గుడ్డు కూడా వండరు, చేపల బజారు వైపు వెళ్లాల్సి వస్తే ముక్కు మూసుకుంటాడు. వాడు బ్యాండులో చేరేనాటికే మా పెద్ద పాట పూర్తయిపోయింది. పాడటమొక్కటే వాడి వంతు.

పోయిన వానాకాలం డెంగీ జ్వరంతో నూకరాజు చనిపోయాడు. కర్మకాండలు అయ్యాయో లేదో, శశాంక్ ఆ పాటను నెట్‌లో పెట్టేశాడు. మాటలు, సంగీతం, గానం అన్నిటికీ తన పేరే వేసుకున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. శవం మీద ఉంగరం లాక్కున్నవాణ్ణి చూసినట్టు చూశాను వాణ్ణి.

పోలమ్మ రిహార్సల్‌కి వచ్చి శశాంక్‌ని అడిగింది. "నెట్టూ గిట్టూ నాకు తెల్దు బాబు. స్టేజీ మీద మా గుంటడి పేరు ఒక్కపాలి సెప్పు, సాలు."

"వాడు ఊరికే కూనిరాగం తీశాడండీ. దాన్ని పాటగా చేసింది నేను," అన్నాడు శశాంక్. ఆవిడ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఒక కాలేజీ గ్రౌండ్‌లో మా ప్రోగ్రాం. నేను మానేద్దామనుకున్నాను. కానీ నా డ్రమ్స్ లేకుండా నూకరాజు పాట ఎవడో వాయించడం ఇష్టం లేక వెళ్లాను. ఇంకా పొద్దుగూకలేదు. పోలమ్మ చేపలమ్ముకుని అటునుంచి అటే వచ్చి సౌండ్ టెంట్ పక్కన నిలబడింది.

శశాంక్ మైకందుకుని, "ఇది నా గుండెలోంచి పుట్టిన పాట," అన్నాడు. నీ గొంతు పడిపోను, అని మనసులో తిట్టుకుంటూనే కర్రలు కొట్టి తాళం ఇచ్చాను.

వాడు నోరు తెరిచాడు. "సందువ సందువ కోనాం" అన్నాడు.

వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాను. కానీ నావైపు తిరిగిన ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు చేత్తో మూసుకున్నాడు, మళ్లీ తీశాడు. "నెత్తళ్లు నెత్తళ్లు టేకు." గొంతు వాడిదే, యాస మాత్రం నూకరాజుది. చందువ అనే చేప ఒకటుందని కూడా వాడికి తెలియదు. షెడ్డులో ఈ పాటకు నూకరాజు ఏ వరసలో చేపల్ని పేర్చాడో అదే వరసలో వస్తున్నాయి, ఒక్కటీ తప్పలేదు. జనం తమాషా అనుకుని చప్పట్లతో అందుకున్నారు.

నేను ఆపొచ్చు. ఆపలేదు. ఇంకా గట్టిగా వాయించాను.

చేపల వరస చివర నూకరాజు ఎప్పుడూ తన పేరు కలిపేవాడు. ఆ సంగతి నేనే మరిచిపోయాను. "వలేసినోడు నూకరాజు" అని శశాంక్ నోటే వచ్చింది. ఆ గ్రౌండంతా అందుకుంది. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దిగాక శశాంక్ నా కాలరు పట్టుకున్నాడు, నేనేదో రికార్డింగ్ కలిపానని. సౌండ్ చూసేవాడు వచ్చి ఆ గొంతు మైకులోంచే వచ్చిందని చెప్పాడు. జనం ఫోన్లలో తీసిన వీడియోలు చూశాం, పెదాలు కదలడం స్పష్టంగా ఉంది. డాక్టరు గొంతు చూసి ఏ లోపమూ లేదన్నాడు. మామూలుగా మాట్లాడతాడు, మిగతా పాటలు పాడతాడు. ఈ ఒక్క పాట ఎత్తితే చేపలే వస్తున్నాయి. మేం షెడ్డులో ఆ వరస ఎప్పుడూ రికార్డు చేయలేదు. నేనెవరికీ చెప్పనూ లేదు.

చివరికి భయపడి నెట్‌లో తన పేరు తీసేసి నూకరాజు పేరు పెట్టాడు. మర్నాడు మా షెడ్డుకొచ్చి నా ఎదుటే పాడి చూసుకున్నాడు. మళ్లీ సందువ, కోనాం.

అప్పుడు హార్బర్‌కి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను, తోడుగా కాదు, చూడటానికి. ముక్కు మూసుకోకుండా చేపల మధ్య నిలబడి పోలమ్మకు చేతులు జోడించాడు. "మీ తమ్ముడి పేరు పెట్టేశానమ్మా. నన్నింక వదిలేయమని చెప్పండి."

ఆవిడ తల ఎత్తలేదు. కోనాం చేపను కోస్తూ అంది. "నానెవర్తిని బాబు సెప్పడానికి? పాట ఆడిది. ఆడు బతికున్నప్పుడు అడగలేదు కదేటి, ఇప్పుడడుగు."

ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. శశాంక్ రోజూ ఒంటరిగా కూర్చుని నూకరాజును బతిమాలుకుంటున్నాడని విన్నాను. పాట మాత్రం ఇంకా వాడి నోటికి రాలేదు. నాకు జాలి కూడా రాలేదు.